పురిటికి వెళ్లి చూసిన నయాగరా

తిరిగి ఆడదీ, తిరక్క మగాడూ చెడిపోతారని మనకో సామెత ఉంది. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. యాత్రాసాహిత్యం గురించి మాట్లాడాలనుకున్నప్పుడు ఈ సామెతని పక్కన పెట్టడం నావల్ల కాదు. తెలుగులో తిరగడానికి సంబంధించిన మాటలన్నీ ఇలాగే రెండుగా చీలిపోయి ఉంటాయి. మగవాడు దేశాటనం చేస్తే లోకజ్ఞానం. ఆడది ఇల్లు వదిలి తిరిగితే తిరుగుడు. 'సంచారి' అనే మాటకి మన మనసులో వచ్చే బొమ్మ భుజాన జోలె ఉన్న మగవాడిదే. ఆడవాళ్లకి గౌరవంగా మిగిలిన మాట ఒక్కటే, యాత్ర. అదీ దేవుడి కోసం, కుటుంబంతో, మొక్కు తీర్చుకోవడానికి.

ఇలాంటి భాషలో ఆడవాళ్లు విదేశాలు చూసి రాసినప్పుడు ఏం జరుగుతుంది? వాళ్ల చూపు ఏ మాటల్లోంచి బయటికొస్తుంది? ఏది రాయకుండా మిగిలిపోతుంది? ఈ వ్యాసంలో నేను అడగదలుచుకున్నది ఇదే. 'తెలుగులో స్త్రీల యాత్రా రచనలు తక్కువ' అని లెక్క చెప్పి బాధపడటం చాలాసార్లు చేశాం. సంఖ్య ఇప్పుడు మెల్లగా పెరుగుతోంది కూడా. అమెరికాలో ఉంటున్న కె.గీత మెక్సికో ప్రయాణాన్ని 'యాత్రాగీతం' పేరుతో రాస్తే, జయతి లోహితాక్షన్ విదేశం ఊసే లేకుండా 'అడవి నుండి అడవికి' రాసింది. ఆచార్య మాచవరపు ఆదినారాయణ 'స్త్రీ యాత్రికులు' అని ఒక పుస్తకమే తెచ్చారు. కాబట్టి లేరన్న మాట ఇక చెల్లదు. ఉన్నవాళ్లని ఎలా చదువుతున్నాం, యాత్రాకథనం అని దేన్ని ఒప్పుకుంటున్నాం అన్నదే ఇప్పటి ప్రశ్న.

తెలుగు యాత్రాచరిత్ర అనగానే అందరం ఏనుగుల వీరాస్వామయ్య దగ్గర మొదలుపెడతాం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో బయల్దేరి, మన హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. ఆ దినచర్య ఆయన పోయాక 1838లో అచ్చయింది. ఏ ఊళ్లో ఏం దొరుకుతుంది, నీళ్లెలా ఉన్నాయి, దారి ఎలాంటిది, ఎవరి పాలన, ఏ కులాలవాళ్లున్నారు, ఇవన్నీ ఆయన రాశాడు. అది గొప్ప పుస్తకమే, కాదనను. కానీ ఆ పుస్తకం మనకొక కొలబద్ద ఇచ్చిపోయింది. యాత్రాకథనం అంటే తారీఖులూ, దూరాలూ, వివరాలూ, బయటి ప్రపంచపు లెక్కా పత్రమూ. రాసేవాడి అన్నం ఎవరు వండారో, వాళ్ల కాళ్లు ఎలా నొప్పిపెట్టాయో అక్కర్లేదు. ఆ కొలబద్ద నూట తొంభై ఏళ్లుగా అలాగే ఉంది.

దాని పక్కన పెట్టాల్సిన ఇంకో పేరుంది. పోతం జానకమ్మ రాఘవయ్య. 1870లలో మద్రాసు నుంచి ఓడెక్కి ఇంగ్లండు వెళ్లొచ్చిన స్త్రీ. తెలుగులో రాసినదాన్ని ఇంగ్లీషు చేసి 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' పేరుతో 1876లో మద్రాసులో అచ్చువేశారు. సముద్రం దాటితే మగవాళ్లనే కులంలోంచి వెలేస్తున్న కాలంలో ఒక తెలుగు స్త్రీ లండన్ చూసొచ్చి పుస్తకం వేసిందంటే మన పాఠ్యపుస్తకాలన్నిటిలో ఆమె పేరు ఉండాలి. నేను తెలుగు ఎం.ఏ. చదివిన రెండేళ్లలో ఆ పేరు ఒక్కసారీ వినలేదు. పీహెచ్.డీ. కోసం భారతీయ స్త్రీల ఇంగ్లీషు రచనల జాబితాలు తిరగేస్తుంటే కనిపించింది. తెలుగులో ఆలోచించి తెలుగులో రాసిన ఆమె, ఇంగ్లీషు పుస్తకాల అరలో మిగిలింది కాబట్టి మాత్రమే మనకి దొరికింది.

దేశంలో ఆమె ఒంటరి కాదు. బెంగాల్ నుంచి కృష్ణభావినీ దాస్ 1882లో భర్తతో ఇంగ్లండు వెళ్లి, 1885లో తన అనుభవాల్ని బెంగాలీలో పేరు లేకుండా 'ఒక బెంగాలీ మహిళ'గా అచ్చువేసింది. ఆ ప్రయాణం కోసం చిన్న కూతుర్ని అత్తవారింట్లో వదిలి వెళ్లాల్సి వచ్చింది. తల్లి దూరంలో ఉండగానే ఆ పసిపిల్లకి పెళ్లి చేసేశారు. పండిత రమాబాయి 1886లో అమెరికా వెళ్లింది, ఆనందీబాయి జోషి డాక్టరు పట్టా పుచ్చుకునే సభ చూడటానికి. రెండేళ్లకి పైగా ఉండి, 1889లో మరాఠీలో ఆ దేశపు లోకస్థితి మీద పుస్తకం రాసింది. మన హైదరాబాదులోనే సుగ్రా హుమాయూన్ మీర్జా, పరదా విడిచి సభల్లో మాట్లాడిన మనిషి, ఇరాక్, యూరప్ ప్రయాణాలని ఉర్దూలో సఫర్‌నామాలుగా రాసింది. తెలుగు సాహిత్య చరిత్రలు భాష పేరుతో ఆమెని పట్టించుకోవు. ఆమె నడిచిన వీధులు మాత్రం మనవే.

వీళ్లని కలిపి చదివితే ఒక సంగతి తేలుతుంది. మగ యాత్రికుడు ఎక్కువగా ఎదురుగా ఉన్నదాన్ని చూస్తాడు. ఈ స్త్రీలు ఎదురుగా ఉన్నదాన్ని చూస్తూ వెనక్కి కూడా చూస్తారు. రమాబాయికి అమెరికాలోని స్త్రీల సంఘాలు కనిపించినప్పుడు ఆమె కళ్లముందు ఇక్కడి బాలవితంతువులున్నారు. కృష్ణభావినికి లండన్‌లో స్వేచ్ఛగా నడిచే ఆడవాళ్లు కనిపిస్తే, గుర్తొచ్చింది బెంగాల్ అంతఃపురాలు. విదేశం వాళ్లకి వినోదం కాలేదు, స్వదేశాన్ని నిలదీయడానికి దొరికిన సాక్ష్యమైంది. అందులో చిక్కులు లేకపోలేదు. ఇంగ్లండులో కనిపించిన స్వేచ్ఛని చూసి, ఆ ఇంగ్లండే తమ దేశాన్ని ఏలుతోందన్న సంగతిని పక్కకి జరిపిన చోట్లున్నాయి. అయినా ప్రయాణానికి తాము చెల్లించిన వెల ఎంతో వాళ్లకి తెలుసు. ఆ ఎరుక రాతలో ఉంది.

ఇక ఇవాళ్టికి వద్దాం.

నేనుండేది చందానగర్‌లో. ఒకవైపు బి.హెచ్.ఇ.ఎల్. టౌన్‌షిప్, ఇంకోవైపు మియాపూర్, కాస్త ముందుకెళితే కొండాపూర్, హైటెక్ సిటీ. 2003లో ఎమ్.ఎమ్.టి.ఎస్. రైలు వచ్చాకా, 2017లో మియాపూర్ నుంచి మెట్రో మొదలయ్యాకా ఇక్కడి అపార్టుమెంట్లు ఇంకా ఇంకా పైకి లేచాయి. వీటిలో దాదాపు ప్రతి అంతస్తులోనూ అమెరికా వెళ్లొచ్చిన అరవై ఏళ్ల స్త్రీ ఒకరుంటారు. 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో నడుస్తున్న అమెరికన్ కాన్సులేట్‌కి కొత్తగా కట్టిన పట్టుచీరలో, చేతిలో ఫైలుతో, పిల్లలు నేర్పిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు వల్లె వేసుకుంటూ వెళ్లినవాళ్లు. తెలుగు ఆడవాళ్లు ఇంత పెద్ద సంఖ్యలో సముద్రాలు దాటిన కాలం ఇంకోటి లేదని నా నమ్మకం. వాళ్లు వెళ్లింది దేనికి? కూతురి పురిటికి. కోడలి పురిటికి. రెండో పురిటికి. ఆ తర్వాత డే కేర్ ఖర్చు తగ్గించడానికి.

సాయంత్రాలు మా అపార్టుమెంటు కింద సిమెంటు బెంచీ మీద వీళ్లు చెప్పుకునే కబుర్లు నేను చాలాకాలంగా వింటున్నాను. మూడో అంతస్తు పిన్నిగారు మూడుసార్లు వెళ్లొచ్చారు. సందర్శకుల వీసా మీద ఒక్కోసారి ఆరు నెలలు. ఆవిడ చెప్పే అమెరికాలో ఇంగువ తిరగమోత వేస్తే పొగ అలారం మోగుతుంది. అల్లుడు కుర్చీ ఎక్కి విసనకర్రలా అట్టముక్క ఊపుతాడు. పథ్యం వంట, నూనె మర్దన, రాత్రి రెండింటికి పాల సీసా, పొద్దున్న ఆరింటికి లంచ్ బాక్సు, కిటికీ అవతల మనిషన్నవాడు కనిపించని వీధి. నయాగరా చూశారా అంటే చూశానంటారు. 'చంటిది కారులో నిద్రపోయింది. వాళ్లిద్దరూ ముందు చూసొచ్చారు. లేస్తే ఏడుస్తుందని నేను ఉన్నా. తర్వాత నేను వెళ్లా, పదిహేను నిమిషాలు. ఆ నీళ్ల చప్పుడు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉందమ్మా.'

ఆవిడ భర్త కూడా ఆ ప్రయాణాల గురించి ఒక పుస్తకం వేసుకున్నారు. అలాంటివి మన ఇళ్లల్లో చాలా ఉన్నాయి. రిటైరైన ఉద్యోగులు సొంత ఖర్చుతో అచ్చువేసి బంధువులకి పంచిన అమెరికా యాత్రలు. నేను ఇరవై దాకా సేకరించి చదివాను. రచయితలు వేరైనా పుస్తకం ఒకటే. విమానాశ్రయంలో కంగారు, రోడ్ల శుభ్రత, లైబ్రరీల పొగడ్త, జలపాతం ఎత్తూ వెడల్పూ, దేవాలయంలో ఉగాది, మన యువతకి హితబోధ. నూట యాభై పేజీల్లో భార్య 'మా శ్రీమతి'గా నాలుగైదు చోట్ల కనిపిస్తుంది. పులిహోర తెచ్చినప్పుడు, ఫోటో దిగినప్పుడు, కాళ్లనొప్పులతో ఆగిపోయినప్పుడు. ఆయన జలపాతం ముందు రెండు గంటలు నిలబడగలిగింది ఆవిడ కారులో కూర్చుంది కాబట్టి. ఆయన పుస్తకానికి ఆవిడ పదిహేను నిమిషాలే పెట్టుబడి. ఇది ఒక్క ఇంటి ముచ్చట అయితే రాయనవసరం లేదు. ఒక సాహిత్య ప్రక్రియ మొత్తం ఇంటి చాకిరీ మీద ఎలా నిలబడిందో చూపిస్తోంది కాబట్టి రాస్తున్నాను.

పిన్నిగారు చెప్పింది యాత్రాకథనం కాదా? అందులో దేశం ఉంది, వాతావరణం ఉంది, పరాయి చట్టం ఉంది, ఒంటరితనం ఉంది, ఒక జలపాతం ఉంది. లేనిది కొలతలు మాత్రమే. మన విమర్శకులు 'వ్యక్తిగతం' అని తోసేసేది సరిగ్గా అక్కడే. వ్యక్తిగతమే రాజకీయమని మనం ఎన్నేళ్లుగా చెబుతున్నా, యాత్రాకథనం దగ్గరకొచ్చేసరికి ఆ మాట మర్చిపోతాం. వంటింట్లోంచి చూసిన అమెరికా మనకి అమెరికాలాగే అనిపించదు.

ఈ సందర్భంలో అబ్బూరి ఛాయాదేవిగారిని తలుచుకోవాలి. చివరి సంవత్సరాల్లో ఆవిడ మాకు దగ్గర్లోనే, కొండాపూర్‌లోని సి.ఆర్. ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో ఉండేవారు. 2019లో అక్కడే వెళ్లిపోయారు. ఆవిడకి 'చైనాలో ఛాయాచిత్రాలు' అనే యాత్రా రచన ఉంది. కానీ ఆవిడ రాసిన అసలైన ప్రయాణ కథ నా దృష్టిలో 'బోన్సాయ్ బ్రతుకు'. ఆ కథని మనం ఎప్పుడూ చెట్టు గురించీ పెంపకం గురించీ చదువుతాం. అది ప్రయాణం గురించిన కథ కూడా. పెద్ద చదువు చదవనివ్వని అక్కయ్య తన ఊరు దాటి ఢిల్లీలో ఉద్యోగం చేసే చెల్లెలి ఇంటికి రావడం వల్లే ఆ కథ జరుగుతుంది. చెల్లెలు ముచ్చటగా పెంచుకున్న తురాయి, దానిమ్మ బోన్సాయ్ మొక్కల్ని ఇంటికొచ్చినవాళ్లు చూసి మెచ్చుకునే ఉంటారు. వాటిలో ఆడదాని బతుకుని చూసింది మాత్రం దూరం నుంచి వచ్చిన అక్కయ్యే. గాలివాన వచ్చినప్పుడు బయట పెరిగిన పెద్ద తురాయి చెట్టు నలుగురికి నీడనివ్వడం ఆవిడ గమనించింది.

ఢిల్లీలో చూడదగిన కట్టడాల గురించి ఆ కథ మనకేమీ చెప్పదు. ఆ ఊరికొచ్చిన ఒక స్త్రీ వరండాలోని కుండీలో ఏం చూసిందో చెప్పి వదిలేస్తుంది. మగ యాత్రికుడి కొలబద్దతో చూస్తే ఆవిడ ఢిల్లీ చూడనట్టే. నాకైతే తెలుగులో ఒక ప్రయాణం మనిషి చూపుని మార్చిన క్షణాన్ని ఇంత సూటిగా పట్టుకున్న రచన ఇంకోటి తట్టడం లేదు. యాత్రాకథనం హద్దుల్ని తిరిగి గీయాలంటే ఈ కథని ఆ అరలోకి కూడా తెచ్చి పెట్టాలి.

నా ప్రయాణాల గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఇతరుల మీద తీర్పు అవుతుంది. 2024లో ఒక సెమినార్ కోసం ఇస్తాంబుల్ వెళ్లాను. రెండు రోజులు అదనంగా ఉండి ఒక్కదాన్నే తిరిగాను. హాగియా సోఫియా 537లో చర్చిగా పూర్తయి, 1453లో మసీదై, 1930లలో మ్యూజియమై, 2020లో మళ్లీ మసీదైన కట్టడం. విదేశీ సందర్శకుల్ని ఇప్పుడు టిక్కెట్టు తీసుకుని పై గ్యాలరీకి మాత్రమే వెళ్లనిస్తున్నారు. బైజాంటైన్ కాలంలో ఆ పై గ్యాలరీ ఆడవాళ్లు నిలబడే చోటు. మహారాణి ఆసనం ఉండే చోటుకి గుర్తుగా ఒక ఆకుపచ్చ రాయి ఉంది. పదిహేను వందల ఏళ్ల కిందట ఆడవాళ్లని కిందికి రానివ్వకుండా నిలబెట్టిన చోట ఇవాళ దేశదేశాల మగవాళ్లు కూడా నిలబడి కిందికి తొంగి చూస్తున్నారు. నాకు ఆ గోపురం కంటే ఈ సంగతే ఎక్కువసేపు మనసులో తిరిగింది.

అదే గ్యాలరీలో జోయీ మహారాణి మొజాయిక్ చిత్రం ఉంది. క్రీస్తుకి ఒకపక్క ఆవిడ, ఇంకోపక్క ఆవిడ మూడో భర్త తొమ్మిదో కాన్‌స్టాంటైన్. మొదట అక్కడున్నది ఇంకో భర్త బొమ్మ అనీ, భర్త మారాక ముఖమూ పేరూ మార్చారనీ చరిత్రకారులు చెబుతారు. పక్కన ఎవరో గైడు ఆ మాట చెప్పగానే గుంపంతా పకపకా నవ్వింది. మూడు పెళ్లిళ్ల రాణి మీద నవ్వు. చక్రవర్తుల భార్యల లెక్క చెప్పేటప్పుడు ఏ గైడూ ఆ నవ్వు కోసం ఆగడు. సింహాసనం ఆవిడ పుట్టింటిది, దాన్ని ఎక్కడానికి ఆ మగవాళ్లకి ఆవిడతో పెళ్లి అవసరమైంది. చారిత్రక నగరాల గురించి తెలుగులో వచ్చే రాతల్లో రాజుల వరస తప్పదు. ఆ రాతి మీద ముఖాలు చెక్కి మార్చిన చోటు మన కళ్లకి కనబడాలంటే గైడు చెప్పిన కథని మళ్లీ మనమే చెప్పుకోవాలి.

రెండో ప్రయాణం కెన్యా. ఐటీ కారిడార్ కుటుంబాల గుంపుతో కలిసి మసాయి మారాకి వెళ్లాం. ఇప్పుడు ఆ దారి మనవాళ్లకి బాగా అలవాటైంది. వెంట 'మన వంటవాడు' కూడా వస్తాడని హామీ ఇచ్చే టూర్లున్నాయి. అయినా పచ్చళ్లూ, కందిపొడీ, చేగోడీలూ సర్దింది ఆడవాళ్లే, సఫారీ బండిలో పిల్లల వాంతులు తుడిచిందీ వాళ్లే. తిరిగొచ్చాక ఆ గుంపులో ఇద్దరు మగవాళ్లు రాసిన యాత్రా వ్యాసాలు చదివాను. రెండింటిలోనూ 'మృగరాజు దర్శనం' అనే శీర్షిక ఉంది.

ఆ రెండు మాటల దగ్గర కాస్త ఆగుదాం. దర్శనం అనేది తిరుపతి మాట. తెలుగు యాత్రికుడు ఆఫ్రికా వెళ్లినా తీర్థయాత్ర భాషనే తీసుకెళతాడు. సింహం 'దర్శనమిస్తుంది', చిరుతపులి కనపడితే 'ప్రాప్తం'. జంతువు దేవుడైనప్పుడు దాని బతుకు గురించి అడగాల్సిన పని ఉండదు, చూసి దణ్ణం పెట్టి ఫోటో తీసుకుంటే చాలు. ఇక 'రాజు' సంగతి. సింహాల గుంపులో వేట ఎక్కువగా ఆడవే చేస్తాయి. గుంపుకి వెన్నెముక తరతరాల ఆడ సింహాలే, మగవి వచ్చిపోతుంటాయి. ఏనుగుల మందని నడిపేది వయసు మళ్లిన ఆడ ఏనుగు. 1972 నుంచి అంబోసెలీలో ఏనుగుల్ని పరిశోధించిన సింథియా మాస్ ఈ సంగతిని ఒక్కొక్క కుటుంబం చరిత్రగా రాసిపెట్టింది. మచ్చల హైనాల్లో ఆడవే పెత్తనం చేస్తాయి. ఇవన్నీ కళ్లముందు జరుగుతుంటే రాతలో మాత్రం రాజు, సింహాసనం, పరాక్రమం. ప్రకృతిని వర్ణించడానికి కూడా మనం ఇంట్లోంచి పితృస్వామ్యాన్నే మూటకట్టుకుని వెళుతున్నాం.

మసాయి పల్లెల్లో ఇళ్లు కట్టేది ఆడవాళ్లు. పుల్లలు అల్లి, మట్టీ పేడా మెత్తి, కురిస్తే మళ్లీ మెత్తి. పూసల సరుకు చేసేదీ వాళ్లే. పర్యాటకుల కెమెరాలు మాత్రం ఎగిరి గంతులేసే యువకుల వైపు తిరిగి ఉంటాయి. మా వాళ్ల వ్యాసాల్లోనూ ఆ గంతులే ఉన్నాయి. పేడ మెత్తే చేతుల్ని చూడగానే మన పల్లెటూరి ఆడవాళ్లు గుర్తురావాలి కదా? ఆ ఇద్దరు రచయితల అమ్మలూ అలికిన ఇళ్లల్లోనే వాళ్లు పెరిగారు.

ఇంకో సంగతి కూడా సఫారీ వ్యాసాల్లో ఉండదు. మారాని ఆనుకుని టాంజానియా వైపున్న సెరెంగెటిని 1951లో నేషనల్ పార్కుగా ప్రకటించి, 1959లో అక్కడి మసాయి జనాన్ని గొరొంగోరో వైపు పంపించేశారు. మనం 'మనిషి తాకని ప్రకృతి' అని మురిసిపోయే చోటు మనుషుల్ని ఖాళీ చేయించిన చోటు. మనకిది కొత్త విషయం కాదు. నల్లమలలో పులుల కోసం చెంచుల్ని బయటికి పంపే ప్రతిపాదనలు మన కళ్లముందే నడుస్తున్నాయి. మా చందానగర్‌కి కాస్త దూరంలోనే కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లో 2025 మార్చి చివర్లో బుల్‌డోజర్లు దిగినప్పుడు హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, అందులో ఎంతోమంది అమ్మాయిలు, అడ్డం నిలబడ్డారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతని ఆపమంది. నెమళ్లూ జింకలూ ఇంత దగ్గరలో ఉన్నాయని మా గుంపులో చాలామందికి అప్పుడే తెలిసింది. వాటిని చూడటానికి వీసా అక్కర్లేదు కాబట్టి అవి యాత్రాకథనంలోకి రాలేదు.

వన్యప్రాణుల లోకానికి వెళ్లిన స్త్రీల కథలోనూ అనుమతి అనే మాట వెంటాడుతుంది. జేన్ గూడాల్ 1960లో చింపాంజీలని గమనించడానికి గొంబె వెళ్లాలనుకున్నప్పుడు, తెల్లజాతి యువతి ఒంటరిగా అడవిలో ఉండటానికి బ్రిటిష్ అధికారులు ఒప్పుకోలేదు. తోడుగా తల్లి వాన్ వెళ్లింది. మొదటి కొన్ని నెలలు కూతురితో గుడారంలో ఉండి, చుట్టుపక్కల జాలరివాళ్లకి మందులిచ్చే చిన్న వైద్యశాల నడిపింది. ఆ ఊరివాళ్లతో స్నేహం కుదరడానికి ఆ మందులే కారణమయ్యాయి. జేన్ పేరు లోకమంతా తెలుసు. ఆ తల్లి పేరు ఎంతమందికి తెలుసు? మా పిన్నిగారికి ఈ సంగతి చెబితే, 'చూశావా, అక్కడా అమ్మే వెళ్లాల్సొచ్చింది' అన్నారు.

అనుమతి గురించి ఇంకొంచెం చెప్పాలి. 2016 డిసెంబరులో మన పాస్‌పోర్టు నిబంధనలు మారాయి. పెళ్లి సర్టిఫికెట్ అక్కర్లేదు, తల్లి పేరో తండ్రి పేరో ఒక్కటి ఉంటే చాలు, విడిపోయిన స్త్రీ భర్త పేరు రాయనక్కర్లేదు. సొంత గది గురించి మనం చాలా మాట్లాడుకున్నాం, సొంత పాస్‌పోర్టు గురించి అంత మాట్లాడుకోలేదు. అదే రాజ్యం ఇంకోరకం ఆడవాళ్ల విషయంలో వేరేగా ప్రవర్తిస్తుంది. గోదావరి జిల్లాల నుంచీ, కడప నుంచీ కువైట్‌కీ ఇతర గల్ఫ్ దేశాలకీ ఇంటిపనికి వెళ్లే స్త్రీలకి 30 ఏళ్లు నిండాలని నిబంధన. రక్షణ కోసమే అంటారు. రక్షణ పేరుతో చట్టబద్ధమైన దారి మూస్తే దొంగదారిన ఏజెంట్ల చేతుల్లో పడతారన్నది అందరికీ తెలిసిందే. ఆ స్త్రీలు ఎడారిని చూశారు, పరాయి నగరాల్ని చూశారు, పరాయి భాష నేర్చుకున్నారు, అక్కడి రాజ్యాంగాన్ని వంటింటి వైపు నుంచి చదివారు. వాళ్ల అనుభవాన్ని మనం 'వలస గాథ' అంటాం, ఎప్పుడూ 'యాత్ర' అనం. డబ్బు ఖర్చుపెట్టి వెళితే యాత్ర, డబ్బు కోసం వెళితే వలస. ప్రక్రియల మధ్య మనం గీసిన గీత వర్గపు గీత కూడా.

ఈ వాదన ఒక సభలో చెప్పినప్పుడు ఒక సీనియర్ రచయిత్రి లేచి, 'మనం ఎప్పటికీ హాయిగా ఒక కొండనో జింకనో చూసి ఆనందించకూడదా? మగవాళ్లు హాయిగా తిరిగి రాస్తే, మనం మాత్రం ప్రతి చోటా చాకిరీ లెక్కలే రాయాలా?' అని అడిగారు. సభలో చాలామంది చప్పట్లు కొట్టారు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి నా జవాబు ఇది. హాయిగా తిరగడమే మనకి ఇంకా దక్కని హక్కు. స్త్రీల యాత్రా రచనల మొదటి పేజీలు చూడండి. దాదాపు అన్నిట్లోనూ సంజాయిషీ ఉంటుంది. మావారి ఉద్యోగం మీద వెళ్లాం, పిల్ల పురిటికి వెళ్లాను, మహాసభలకి పిలిచారు, మొక్కు ఉంది. నేనూ సెమినార్ అన్నాను కదా. ఊరికే చూడాలనిపించి వెళ్లాను అని మొదటి వాక్యంలో రాసే స్త్రీ ఎంత అరుదో గమనించండి. చాకిరీ లెక్క రాయమంటున్నది ఆనందాన్ని చెడగొట్టడానికి కాదు. ఆ ఆనందం మన దగ్గర పదిహేను నిమిషాలే ఎందుకు ఉంటోందో తెలియడానికి.

అందుకని నాకో ప్రతిపాదన ఉంది. పరిశోధక విద్యార్థినులు ఇంకో సిద్ధాంత గ్రంథం కోసం అచ్చయిన పుస్తకాలనే మళ్లీ వడపోయడం కాస్త ఆపి, అపార్టుమెంట్ల కిందికీ, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఊళ్లకీ వెళ్లి వినాలి. ప్రతి మనిషినీ నాలుగు ప్రశ్నలు అడగాలి. వెళ్లడానికి ఎవరి ఒప్పుదల కావలసి వచ్చింది? డబ్బు ఎవరిది? మీరు లేనప్పుడు ఇక్కడ ఎవరు వండారు? మీరు చూడాలనుకుని చూడలేకపోయింది ఏది? ఈ నాలుగో ప్రశ్నకి జవాబులు రాస్తే అది తెలుగులో ఇప్పటిదాకా రాని పుస్తకమవుతుంది.

నేను మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు మంది మాట్లాడారు. ఒకావిడ గ్రాండ్ కెన్యన్ అంది. ఒకావిడ కువైట్‌లో ఆరేళ్లున్నా సముద్రం ఒడ్డున ఒక్కసారి ఒంటరిగా కూర్చోలేదంది. మూడో అంతస్తు పిన్నిగారు మాత్రం చాలాసేపు ఆలోచించి, వచ్చే ఏడాది చిన్నకోడలి పురిటికి మళ్లీ వెళ్లాలట, ఈసారి పాప పుట్టకముందే ఒక వారం ముందుగా వెళ్తానని అబ్బాయితో చెప్పిందట. దేనికని వాడు అడిగాడట. ఊరికే, అందట.